పొరకీ పొరకీ మధ్య ఒక మిల్లీమీటరు

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మడూ,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న సాయంత్రం నా వంటింటి బల్ల దగ్గర మీ అమ్మ, నువ్వు, నేను అనుకున్న మాట అప్పుడే మారిపోయింది. పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, "ఆగస్టులో మా ఇంటికి వచ్చేస్తున్నావుగా, కింది గదికి రంగు వేయించనా?" అంది. వచ్చేస్తానని నేను అనలేదు. ఫోన్లో అన్న మాటను ఎవరూ రెండోసారి చూసుకోలేరు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దాచు.

మీ ఆసుపత్రిలో మీ పరిశోధన కోసం నా నడుముకి ఎమ్మారై తీశారు. ఆరు నెలలకి మళ్ళీ తీస్తారు. నడుం దగ్గరి అయిదు వెన్నుపూసల వెనక, రెండు పక్కలా, మనిషిని నిలబెట్టే కండ ఎంతుందో రెండుసార్లూ నువ్వే కొలుస్తావు. అది తగ్గితే ఈ మూడో అంతస్తు ఇల్లు ఖాళీ చేసి మీ అమ్మ దగ్గరికి వస్తాను, నోరెత్తను. తగ్గకపోతే ఇక్కడే ఉంటాను, మీ అమ్మ నోరెత్తదు. ఈలోపు నా ఒంటికి ఏం జరిగినా మీ ఇద్దరికీ చెప్పాలి. ఇంతే. ఇందులో రంగు లేదు.

మీ అమ్మకి నా మెట్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ మెట్లెక్కి వారానికి అయిదు సాయంత్రాలు నలుగురు నా దగ్గరికి వస్తారు: దర్జీ ఆవిడ, బస్సు కండక్టరు, ఇద్దరు ఆయాలు. చిన్నప్పుడు బళ్ళో లెక్కల్లో తప్పినవాళ్ళు. వచ్చే ఏడాది మార్చిలో మళ్ళీ పరీక్ష రాస్తారు. మీ అమ్మ ఉండే వైపుకి ఆ వేళప్పుడు బస్సు లేదు. నేను దిగితే వాళ్ళ చదువూ దిగిపోతుంది.

నువ్వు చేత్తో రాసి పంపిన పట్టిక సరిచూశాను. ముప్ఫై పొరలు, ఒక్కోటి అయిదు మిల్లీమీటర్ల మందం. కండ వైశాల్యాలన్నీ కూడితే 262 చదరపు సెంటీమీటర్లు, అరతో గుణిస్తే 131 ఘన సెంటీమీటర్లు. సరిపోయింది. పదిహేడో పొర దగ్గర నీ ఏడు ఒకటిలా ఉంది. దిద్దుకో.

ఇంకోటి. ఆ గొట్టంలో చప్పుడు పద్నాలుగేసి దెబ్బలు కొట్టి ఆగుతుంది. చివర్లో ఒకసారి పదమూడే కొట్టింది. ఎవరికైనా చెప్పు.

మీ అమ్మమ్మ


ఫిబ్రవరి 17

అమ్మమ్మా,

పదమూడు దెబ్బల సంగతి మెషిన్ నడిపే అతనికి చెప్పాను. "ఆవిడ మళ్ళీ వస్తారా?" అని అడిగాడు పాపం. ఆగస్టులో వస్తారంటే సెలవు పెట్టుకుంటానన్నాడు.

ఇక్కడ నీకు పేరు లేదు, తెలుసా? నువ్వు ముప్ఫై ఒకటో నడుమువి. తెర మీద నిన్ను అడ్డంగా కోసినట్టు ఒక్కో పొరా కనిపిస్తుంది. కండ బూడిదరంగు, కొవ్వు తెలుపు. కండ అంచు వెంబడి నేను గీత గీస్తే లోపలి వైశాల్యం కంప్యూటర్ చెబుతుంది. చిక్కంతా అంచు దగ్గరే. కండలో కొవ్వు కలిసిపోయినచోట ఒకరికి లోపలనిపించింది ఇంకొకరికి బయటనిపిస్తుంది. అందుకని ప్రతి నడుమునీ ఇద్దరం గీస్తాం, ఒకరిది ఒకరు చూడకుండా. రెండో గీత మా పెద్దావిడది. చాటుగా గద్ద అంటాం. నిన్న నా గీత చూసి, "అంచు గీయమంటే పాము బొమ్మ వేశావేమిటే" అంది. రెండు శాతం అటూ ఇటూ అయితే మాత్రం ఆవిడ కూడా ఊరుకుంటుంది. దాన్ని మేం తేడా అనం.

నీ దగ్గర పెరిగినదాన్ని కదా, అంతకన్నా ఎక్కువ తేడా రానివ్వను. ఒప్పందం దాచాను. అమ్మ రంగు డబ్బా అప్పుడే కొనేసింది.

నీ అమ్మడు


మే 4

అమ్మడూ,

ఇది నీకొక్కదానికే.

గురువారం కూరల సంచీతో పైకొస్తుంటే రెండో అంతస్తు మలుపులో కాలు జారింది. ఎముకలు విరగలేదు. లేవడానికి మాత్రం లేవలేకపోయాను. నలభై నిమిషాలు మెట్టు మీదే కూర్చున్నాను. గడియారం చూసుకున్నాను కాబట్టి చెబుతున్నాను. పాఠానికి ముందుగా వచ్చిన దర్జీ ఆవిడ చూసి, "ఏం టీచరుగారూ, ఇవాళ క్లాసు ఇక్కడేనా?" అంటూ చేతులిచ్చి లేపింది. ఆ రోజు భిన్నాలు చెప్పాను. మిగతా ముగ్గురికీ ఏమీ తెలియలేదు.

నడుముకి వ్యాయామాలు నేర్పే ఆవిడ చూసి మర్నాటి నుంచీ మామూలుగానే చేయమంది. చేస్తున్నాను, పూటకి ఇరవైసార్లు.

మీ అమ్మకి చెప్పొద్దు. చెబితే కొలతా గిలతా అన్నీ పక్కనపెట్టి ఆ సాయంత్రమే లారీ పంపిస్తుంది.

మీ అమ్మమ్మ


మే 11

అమ్మమ్మా,

నలభై నిమిషాలా?

ఉత్తరం బస్సులో చదివాను, దిగాల్సినచోట దిగలేదు. నీ చేత్తో రాసిన కాగితంలోనే ఉంది, ఏం జరిగినా ఇద్దరికీ చెప్పాలని. ఇవాళ అమ్మ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. "అమ్మమ్మ ఎలా ఉందే?" అని అడిగింది. బాగుంది అన్నాను.

సరే, చెప్పను. కానీ ఇంకోసారి అడక్కు.

నీ అమ్మడు


ఆగస్టు 20

అమ్మమ్మా,

కొత్త మెషిన్ మీద పన్నెండో తారీకున తీసిన బొమ్మలు కొలవడం నిన్నటితో అయింది. మూడుసార్లు గీశాను. చెప్పక తప్పదు.

106.4.

ఫిబ్రవరిలో 131. పద్దెనిమిది శాతం పైనే తగ్గింది. ఏం రాయాలో తెలియడం లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు, ముందు నీకే రాస్తున్నాను.

నీ అమ్మడు


ఆగస్టు 25

అమ్మడూ,

అందింది.

ఏం రాయాలో తెలియడం లేదన్నావు. రాయాల్సింది రాశావు, అదే చాలు. నీ మనసు కష్టపడుతోందని అక్షరాల్లోనే తెలుస్తోంది. కొలిచినవాళ్ళ మీద కోపం ఏమిటి? పరీక్ష తప్పిన పిల్లల తల్లిదండ్రులకి ముప్ఫై ఎనిమిదేళ్ళు నిజం చెప్పినదాన్ని, అదెంత కష్టమో నాకు తెలియదా? మెత్తని మాట ఒక్కటీ కలపకుండా సంఖ్య ఉన్నది ఉన్నట్టు పంపావు. నీకు నేను నేర్పినవాటిలో ఇది ఒక్కటి నిలిచినా నాకు సంతోషమే.

వింత ఏమిటంటే, ఈ మధ్య మెట్ల మలుపులో ఆగకుండానే పైకొచ్చేస్తున్నాను. మనిషి తన గురించి తను ఎంత మోసపోతుందో చూడు.

ఇంటాయనతో చెప్పేశాను. సెప్టెంబరు 28న తాళంచెవి ఇస్తాను. ఓ దంతవైద్యుల జంట అప్పుడే వచ్చి చూసుకున్నారు. నలుగురికీ నిన్న చెప్పాను. కండక్టరు, "ఇంకా త్రికోణాలు రానేలేదు కదండీ" అన్నాడు. మిగతావాళ్ళు పుస్తకాలు సర్దుకుంటూ కూర్చున్నారు.

ఈసారి పట్టిక పంపలేదే? తీరిక చూసుకుని పంపు. పెద్దావిడ గీతకి ఎంత వచ్చిందో కూడా రాయి. అనుమానపడి కాదు, రెండు కాగితాలూ కలిపి ఫైలులో పెట్టుకుంటాను.

మీ అమ్మమ్మ


సెప్టెంబరు 4

అమ్మమ్మా,

పని ఊపిరాడనివ్వడం లేదు. పట్టిక ఇంకా సాపు రాయలేదు. పెద్దావిడ నీ బొమ్మలు ఇంకా చూడలేదు. ఆవిడ చూశాక రెండూ కలిపి పంపుతాను. సామాను సర్దేటప్పుడు బరువులెత్తకు.

అమ్మ కింది గది కిటికీకి తెరలు కుట్టిస్తోంది. నీకు ఇష్టమని నీలం రంగు తీసుకుంది. ఎంత సంతోషంగా ఉందో చూస్తే నీకూ బాగుంటుంది.

నీ అమ్మడు


సెప్టెంబరు 30

అమ్మడూ,

తాళంచెవి అనుకున్నట్టే మొన్న ఇచ్చేశాను. లారీ పదింటికి వస్తానని పదిన్నరకి వచ్చింది. నల్లబల్ల మీ అమ్మ వాళ్ళింట్లో ఏ గోడకీ సరిపోలేదు, దర్జీ ఆవిడ తీసుకెళ్ళింది. దంతవైద్యుల జంట ఉయ్యాల మోసుకుంటూ ఎదురొచ్చారు. ఆ అమ్మాయికి ఏడో నెల.

మీ అమ్మ నన్ను గాజుసామానులా చూస్తోంది. నిన్న గ్లాసు కడుగుతుంటే చేతిలోంచి లాక్కుంది. నేనూ గోడ పట్టుకునే నడుస్తున్నాను. ఉన్న కండ అంతే అని తెలిశాక కాళ్ళకి ధైర్యం చాలడం లేదు. వ్యాయామాల ఆవిడ నీ సంఖ్య చూసి ఇరవైని పదికి తగ్గించింది.

నీకు తీరిక లేదని తెలుసు, అందుకే ఇబ్బంది పెట్టలేదు. మొదట్లో నాచేత సంతకం చేయించుకున్న కాగితంలో తొమ్మిదో అంశం ఉంది: కొలతల ప్రతిని అడిగితే ఇవ్వాలని. మీ ఆఫీసుకి నేనే ఉత్తరం రాసి తెప్పించుకుంటున్నాను. నీకు ఒక పని తగ్గింది.

మీ అమ్మమ్మ


అక్టోబరు 14

మనవరాలికి,

మీ ఆఫీసు నుంచి కవరు నిన్న వచ్చింది.

ఫిబ్రవరి కాగితంలో ముప్ఫై పొరలు, ఒక్కోటి అయిదు మిల్లీమీటర్లు. కలిపితే నడుం పొడవు పదిహేను సెంటీమీటర్లు. ఆగస్టు కాగితంలో ముప్ఫై పొరలు, ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్లు. కలిపితే పన్నెండు. అవే అయిదు వెన్నుపూసలు. ఆరు నెలల్లో నా నడుం మూడు సెంటీమీటర్లు పొట్టిదైపోయిందా? లేచి తలుపుకి ఆనుకుని ఎత్తు కొలుచుకున్నాను. ఫిబ్రవరిలో ఎంతో ఇప్పుడూ అంతే.

అప్పుడు కాగితం పైవరస చదివాను. కొత్త మెషిన్ నాలుగు మిల్లీమీటర్ల పొర తీసి, ఒక మిల్లీమీటరు వదిలేసి, తర్వాతి పొర తీస్తుందట. నువ్వు తీసిన పొరల్నే లెక్కపెట్టావు. వదిలేసిన మిల్లీమీటరులో కూడా నా కండ ఉంది. వైశాల్యాల మొత్తం 266. నాలుగుతో లెక్కిస్తే 106.4. అయిదుతో లెక్కించాలి. 133.

తగ్గలేదు.

లెక్క తప్పినందుకు నాకు కోపం లేదు. తప్పు లెక్కల మధ్యే బతికాను. కానీ కాగితం అడుగున పెద్దావిడ చేతిరాత ఉంది: "మధ్య ఖాళీ కలపలేదు. 133 రావాలి. ఆమెకు వెంటనే తెలపండి." ఆగస్టు 23. దాని కింద 'చూశాను' అని నీ పొడి సంతకం. ఆగస్టు 24.

సెప్టెంబరు 4న నువ్వు నాకు రాశావు, పెద్దావిడ ఇంకా చూడలేదని.

నువ్వు చూసిన రోజు నుంచి నేను తాళంచెవి ఇచ్చిన రోజుకి ముప్ఫై అయిదు రోజులు. అందులో ఏ రోజైనా ఒక్క మాట చాలేది. ఇద్దరూ కలిసి ఆడారా ఈ నాటకం? మీ అమ్మ రంగు డబ్బా ఫిబ్రవరిలోనే ఎందుకు కొందో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆగస్టు 25న నిన్ను ఓదారుస్తూ ఒక ఉత్తరం రాశాను. నీ నిజాయితీని మెచ్చుకున్నాను అందులో. దాన్ని నాకు తిరిగి పంపించు.

అమ్మమ్మ


అక్టోబరు 19

అమ్మమ్మా,

అమ్మకి ఏమీ తెలియదు. ఒక్క ముక్క తెలియదు. నువ్వు అయిదు రోజులుగా తనతో మాట్లాడటం లేదని ఫోన్ చేసి ఏడ్చింది. "తెరలు నచ్చలేదేమోనే, మార్పించనా?" అంటోంది. నన్ను ఏమన్నా అను, అమ్మని అనకు.

మొదట నిజంగానే పొరపాటు. పాత మెషిన్లో పొరల మధ్య ఖాళీ లేదు. కొత్తదానిలో ఉంటుందని తెలుసు, అయినా చెయ్యి పాత అలవాటునే పట్టుకుంది. 24న పెద్దావిడ కాగితం నా ముందు పెట్టి, "ఆవిడకి నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది. నేనే చెబుతానన్నాను. నీకు చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడు మెట్లు గుర్తొచ్చాయి. మే నెల నుంచి ఆ నలభై నిమిషాలు నేను ఒక్కదాన్నే మోస్తున్నాను. ఫోన్ మోగితే చాలు, నువ్వు మళ్ళీ మలుపులో పడి ఉన్నట్టు అనిపించేది. ఈసారి దర్జీ ఆవిడ ఆలస్యంగా వస్తే? 133 అని చెబితే నువ్వు ఆ మెట్లు ఎక్కుతూనే ఉంటావు. 106 అని ఊరుకుంటే కింది గదిలో ఉంటావు. నేను కొత్తగా అబద్ధం ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. మూసుకున్నాను. నువ్వు పట్టిక అడిగినప్పుడు ఆడాల్సి వచ్చింది.

రెండు ఘన సెంటీమీటర్లు, అమ్మమ్మా. ఒకటిన్నర శాతం. మా లెక్కలో అది పెరగడమూ కాదు, తగ్గడమూ కాదు. అంత మాత్రానికి నీ ప్రాణం మెట్ల మీద పెట్టాలా?

ఇంకో మాట కూడా రాస్తాను, కోపం వస్తే రానీ. ఒప్పందం ముందు తప్పింది నువ్వు. ఏం జరిగినా ఇద్దరికీ చెప్పాలని రాసింది నువ్వే, చెప్పొద్దని రాసిందీ నువ్వే. అమ్మ మొహం చూసి అబద్ధం ఆడటం నాకు నేర్పిందెవరు?

నీ పాత ఇంటాయన దగ్గరికి వెళ్ళి బతిమాలుతాను. ఆ జంటకి ఇంకో ఇల్లు చూసి పెడతాను.

ఆగస్టు 25 ఉత్తరం మాత్రం ఇవ్వను. అది నాది.

అమ్మడు


అక్టోబరు 24

మనవరాలికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

మీ అమ్మ విషయంలో పొరబడ్డాను. నిన్న వంటింట్లోకి వెళ్ళి, తెరలు బాగున్నాయి అన్నాను. కూర్చుని ఏడ్చింది. పది రోజులు ఏ తప్పూ చేయని మనిషిని మాటలు లేకుండా మాడ్చాను. అది నా ఖాతాలోనే రాసుకుంటాను.

ఒప్పందం ముందు తప్పింది నేనే. అదీ నిజం. పడిన సంగతి దాచమని నీ నెత్తిన పెట్టడం నేను చేసిన తప్పు. ఆ బరువు అయిదు నెలలు మోశావని నాకు తట్టలేదు. కానీ నా తప్పులోంచి నీ తప్పు తీసేస్తే సున్నా రాదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఒకటిన్నర శాతం తేడా కాదన్నావు. ఒప్పుకుంటాను. అయితే మనం రాసుకున్నది 'పెరిగితే ఉంటాను' అని కాదు. 'తగ్గితే వస్తాను' అని. తగ్గలేదు. అది చాలదని నీకు అనిపిస్తే వచ్చి నా ఎదురుగా కూర్చుని, "అమ్మమ్మా, అంకె ఏదైనా సరే, నాకు భయంగా ఉంది, దిగిపో" అని పోట్లాడాల్సింది. బహుశా నేను తిట్టేదాన్ని. బహుశా దిగేదాన్ని. ఆ పోట్లాట నాకు దక్కనివ్వలేదు నువ్వు.

ఇల్లు పోయినందుకు ఇంత బాధ లేదు. ఆగస్టులో నా కాళ్ళు నాతో, బాగానే ఉన్నాం అని చెప్పాయి. మలుపులో ఆగకుండా ఎక్కుతున్నానని నీకే రాశాను. నీ కాగితం వచ్చాక నా కాళ్ళది అబద్ధం, నీ అంకె నిజం అనుకున్నాను. ఆ రోజు నుంచి గోడ పట్టుకుని నడుస్తున్నాను. రెండు నెలలుగా లేని ముసలితనం నటిస్తున్నాను, నటిస్తున్నానని తెలియకుండా. ఇప్పుడు వదిలేద్దామన్నా చెయ్యి గోడని వదలడం లేదు. ఇది చేసింది వేరే ఎవరైనా అయితే ఒక ఫిర్యాదు రాసి మర్చిపోయేదాన్ని. నిన్ను నేను నమ్మాను. నా ఒంటికన్నా ఎక్కువ నమ్మాను.

ఇక జరగాల్సినవి:

1. నవంబరు 2, ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి నువ్వు ఇక్కడికి రావాలి. మెట్ల మీద పడిన సంగతి మీ అమ్మకి ముందు నేను చెబుతాను. తర్వాత 133 సంగతి నువ్వు చెబుతావు. వరస మారకూడదు. మీ అమ్మ ఇద్దరినీ కలిపి ఎంత తిట్టినా మధ్యలో ఎవరూ లేవకూడదు.

2. సరిచేసిన కాగితం నీ సంతకంతో సోమవారంలోగా వ్యాయామాల ఆవిడకి చేరాలి. పదిని మళ్ళీ ఇరవై చేయించుకోవాలి నేను.

3. ముప్ఫై ఒకటో నడుముని మీ లెక్కల్లోంచి తీసెయ్యకూడదు. 106.4 మీద ఒక అడ్డగీత, పక్కన 133, ఎవరు ఎప్పుడు పట్టుకున్నారో, ఎవరు ఎప్పుడు చూశారో, అన్నీ ఉండాలి. నాకు చెబుతానని పెద్దావిడతో అని, చెప్పలేదని కూడా ఆవిడతో నువ్వే అనాలి.

4. పాత ఇంటాయన దగ్గరికి వెళ్ళకూడదు. ఏడో నెల మనిషిని ఆ ఇంట్లోంచి కదిలించి నేను ఉండను. దర్జీ ఆవిడ కొట్టు మీద ఒక గది ఖాళీగా ఉందట. పద్దెనిమిది మెట్లు, గట్టి కమ్మీ. మంగళవారం చూస్తాను. ఒక్కదాన్నే చూస్తాను. నచ్చితే నవంబరు 17న త్రికోణాలు మొదలుపెడతాను.

5. ఆగస్టు 25 ఉత్తరం నీదన్నావు. సరే, ఉంచుకో. అది నేను ఎవరికి రాస్తున్నాననుకుని రాశానో, ఆ మనిషివి అయినప్పుడు చదువుకో. అంతవరకూ తెరవకు.

6. ఫిబ్రవరిలో నా నడుముని మూడోసారి కొలవాలి. గీసేది పెద్దావిడ, రెండో గీత ఆవిడ చెప్పినవాళ్ళది. నువ్వు లోపలికి రాకూడదు. బయట బెంచీ మీద కూర్చో. నేను బయటికొచ్చాక నడవడానికి చెయ్యి కావాలంటే అడుగుతాను. అడిగితేనే ఇవ్వు.

అమ్మమ్మ